ఒక కాలికి తెలుపు, ఒక కాలికి నలుపు

జూన్ 2, సోమవారం

పుల్లయ్య చిన్నాయన చెప్పుల షాపుకి ఇవాళ హైదరాబాదు నుంచి పెద్ద అట్టపెట్టెలు వచ్చాయి. బూట్లే అనుకుని విప్పాం. ఒకదాంట్లో బ్యాలెట్ పెట్టె, ఒకదాంట్లో జెండాలు, ఇంకోదాంట్లో కండువాలు, టోపీలు. చివరిదాంట్లో థర్మోకోల్ ముక్కలు. వాటిని అతికిస్తే ఆటో మీద నిలబెట్టేంత బూటు అవుతుందట. నేనూ చిన్నాయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సారథి కంపెనీ వాళ్ళు కాన్వాస్ బూట్లకి ఎన్నికలు పెడుతున్నారు. మా నాన్నల కాలం నాటి మోడల్‌ని మళ్ళీ తెస్తున్నారు. తెల్లది ఒక అభ్యర్థి, నల్లది ఇంకో అభ్యర్థి. ఏది గెలిస్తే దాని మీద దసరా దాకా తగ్గింపు. రెండూ నచ్చకపోతే నోటా ఉంది, దాని గుర్తు హవాయి చెప్పు. అది ఊరికే నవ్వుకోవడానికి పెట్టామని కంపెనీ అమ్మాయి లక్ష్మీప్రియ ఫోన్లో చెప్పింది. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నేనే ప్రధాన ఎన్నికల అధికారిని. షాపులో ఎనిమిదేళ్ళుగా బూట్లు తొడిగి విప్పుతున్నాను, ఇంత హోదా ఎప్పుడూ రాలేదు.

మేనిఫెస్టోలు కూడా ఉన్నాయి. తెల్లబూటు "మరక పడితే దాచను" అంటుంది. నల్లబూటు "మరక పడినా బయటపెట్టను" అంటుంది. రెండూ నాకు సబబుగానే అనిపించాయి.

అధికారికి ప్రత్యేకంగా ఒక జత పంపారు. ఎడమది తెలుపు, కుడిది నలుపు. ఎవరి వైపూ మొగ్గకూడదు కాబట్టి ప్రచారం అయిపోయేదాకా అవే వేసుకోవాలట. "మీ అభిప్రాయం మాత్రం ఎవరికీ చెప్పకూడదు సార్, అదొక్కటే రూలు" అంది లక్ష్మీప్రియ. నాకు ఇంత తేలికైన ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు.

కావ్య ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఎండలు అలా ఉన్నాయి మరి. నాలుగు వానలు పడితే వస్తుంది.

జూన్ 3, మంగళవారం

కావ్యకి ఫోన్ చేశాను. తీయలేదు. డ్యూటీలో ఉండి ఉంటుంది.

జూన్ 5, గురువారం

జరిగింది ఒకసారి వరసగా రాసుకుంటే నాకైనా అర్థమవుతుందేమో.

కావ్య ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసింది. వేసవి మొదట్లో గిద్దలూరులో ఒక రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. రోజూ మార్కాపురం నుంచి పోయి రావడం కష్టం, మధ్యలో కంభంలో ఇల్లు తీసుకుందాం, నువ్వు ఇటు పో, నేను అటు పోతాను అంది. న్యాయంగా ఉంది. "అట్లనే" అన్నాను.

అదే రోజు సాయంత్రం గేదెకి తవుడు కలుపుతూ అమ్మ అంది. "పెండ్లయి రెండేండ్లన్నా నిండకుండ వేరు కాపురం పెడితే అత్త తరిమిందంటారు రా. నలుగురి నోట్లో నేను పడాల. ఆ ఉద్యోగం వద్దని చెప్పు." అదీ న్యాయంగానే ఉంది. "అట్లనే" అన్నాను.

ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చెప్పినప్పుడు రెండూ మనస్ఫూర్తిగానే చెప్పాను.

కావ్య పోయి ఆ కేంద్రంలో చేరతానని మాటిచ్చింది. అమ్మ వీధిలో అందరికీ కోడలు ఉద్యోగం మానేసిందని చెప్పుకుంది. ఎదురింటి కరుణమ్మ కొళాయి దగ్గర "మానుకున్నావంట గదమ్మా, మంచి పని చేసినావు" అని కావ్యతో అనేదాకా నాకు ఏ గొడవా కనిపించలేదు. ఆ పూటే కావ్య బ్యాగు సర్దుకుంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

"నువ్వు కాదనింటే పోట్లాడేదాన్ని," అంది. "అట్లనే అనేటోనితో ఏమని పోట్లాడాల?"

ఇప్పుడు రాచర్ల దగ్గర వాళ్ళ ఊరి నుంచి ఆటోలో గిద్దలూరు పోయి వస్తోంది.

రాసుకున్నాను. అర్థం కాలేదు. ఇద్దరి మాటా నిలబెట్టాలని చూసినవాడు చెడ్డవాడెలా అవుతాడు?

జూన్ 7, శనివారం

ప్రచారం మొదలైంది. ఆటో వెంకటేష్‌ది. అసలు ఎన్నికలప్పుడు అన్ని పార్టీలకూ వీడి ఆటోనే తిరుగుతుంది. పొద్దున ఒక పార్టీ పాట, మధ్యాహ్నం ఇంకో పార్టీ పాట. నెత్తిన థర్మోకోల్ బూటు, ముందు మైకు, వెనక కండువాల మూట పక్కన నేను. తర్లుపాడు రోడ్డు మీద ఇల్లిల్లూ తిరిగాం. పాంప్లెట్లు పంచడం, హామీలు రాసుకోవడం నా పని.

మా వైపు ఓటడగడానికి వచ్చినవాణ్ణి కాదని పంపే ఇల్లు లేదు. ఎవరొచ్చినా "మీకే లే నాయనా" అంటారు. గుమ్మంలోకి వచ్చిన మనిషి మొహం మాడ్చి పంపడం మర్యాద కాదు. తెల్లబూటుకి వేస్తారా అంటే మీకే అన్నారు. మలుపు తిరిగి వచ్చి నల్లబూటుకి వేస్తారా అంటే మీకే అన్నారు. నేను అన్నీ రాసుకుని హైదరాబాదుకి పంపాను.

సాయంత్రం లక్ష్మీప్రియ ఫోన్ చేసింది. "సార్, ఆ వీధిలో ఉన్న జనం కంటే మీరు పంపిన హామీలే ఎక్కువున్నాయి. ఎలా?"

ఏం చెప్పాలో తెలియక మంచి స్పందన ఉందని చెప్పాను.

వెంకటేష్ నవ్వాడు. "రాసుకోవాకన్నా. మా ఆటో చూసి మీకే అననోడు ఇంతవరకు లేడు. అది మజ్జిగ పోసినట్ల. ఎండకు వచ్చినోనికి పోస్తారు, చుట్టమని కాదు."

వీడికి అన్నీ వేళాకోళమే.

జూన్ 8, ఆదివారం

కావ్య ఫోన్ తీసింది. బూట్ల ఎన్నికల సంగతంతా చెప్పాను. రెండు రంగుల బూట్ల దగ్గర నవ్వింది. ఎన్ని రోజులకో ఆ నవ్వు. ఇదే సమయమనుకుని ఎప్పుడొస్తావని అడిగాను.

"నేను ఎప్పుడొస్తానో తర్వాత. నీకు ఏం కావాల? అత్తకు కాదు, నాకు కాదు, నీకు. అది చెప్పు."

నవ్వులో ఉంది కదా అని నేనూ సరదాగా అన్నాను. "నేను ఎన్నికల అధికారిని గదా, అభిప్రాయం చెప్పకూడదంట."

అటునుంచి లైను పోయింది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ అంతంత మాత్రమే.

నాకు ఏం కావాలి? కావ్య కావాలి. అమ్మ నొచ్చుకోకూడదు. ఎవరూ నన్ను ఏమీ అనకూడదు. ఇవి మూడూ ఒకదానికొకటి అడ్డమని ఎందుకంటారో.

జూన్ 10, మంగళవారం

కంభం, గిద్దలూరు చూసుకుని రాచర్ల వైపు ప్రచారం. మామగారి ఊరు కూడా దారిలో తగిలిందట. నాకు తెలియదు. ఎండకి వెనక సీట్లో నిద్రపట్టింది.

జూన్ 11, బుధవారం

కొంప మునిగింది.

పొద్దున్నే మా అత్త శ్రీశైలమ్మ మా అమ్మకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టక్కర్లేకుండా వీధికంతా వినపడింది. "మీ వాడు మా గడపకు బూటంటించి పోయినాడు. అలిగిన పిల్లను అడిగి పిలుచకపొమ్మంటే బూటు పంపుతాడా? మేము గొర్లు కాసుకునేటోళ్ళమని అలుసా?"

అమ్మ ఫోన్ పట్టుకుని నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

సంగతేంటంటే, వెంకటేష్ నీడ ఉందని సరిగ్గా వాళ్ళ ఇంటి ముందే ఆటో ఆపాడు. అసలు ఎన్నికల్లో ఆటో ఆపిన చోటల్లా తలుపుకి గుర్తు అంటించడం వాడికి అలవాటు. పసుపు రాసిన గడపకి పైన, తలుపు మీద నిలువెత్తు బూటు పోస్టరు అంటించాడు. దాని మీద "ఈ ఇంటి ఓటు బూటుకే" అని రాసి ఉంటుంది. పొద్దుగూకి మామ గురుస్వామి గొర్రెలు తోలుకుని ఇంటికొచ్చేసరికి ఎదురుగా అది. బూటు ఎవరిదని ఊళ్ళో అడిగితే, మార్కాపురం ఆటో, మీ అల్లుడి షాపుదే అన్నారట.

గడపకి చెప్పు ఆనిస్తేనే ఊరుకోరు. బూటు బొమ్మ అంటిస్తే ఏమంటారు? కంపెనీ వాళ్ళకి ఇది తెలియదు. వెంకటేష్‌కి తోచలేదు. నాకు తోచి ఉండేది, నేను నిద్రలో ఉన్నాను.

ఆదివారం నలుగురిలో కూర్చుని మాట్లాడదాం రమ్మన్నారు.

జూన్ 12, గురువారం

నేను నిద్రపోలేదు.

వాళ్ళ వీధి మలుపు తిరగ్గానే గుర్తుపట్టాను. ఆపవద్దని వెంకటేష్‌తో అందామనుకునేలోపు ఆపేశాడు. దండెం మీద కావ్య తెల్లకోటు ఆరేసి ఉంది. కావ్య ఇంట్లో ఉందేమో అనుకున్నాను, లేదేమో అనుకున్నాను. అత్త చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆటోవాళ్ళు ఎవరైనా సరే, ఎండకి వచ్చారని తెచ్చింది. నేను సీటు కిందికి జారి కండువాలు పైకి లాక్కున్నాను. వెంకటేష్ నీళ్ళు తాగడం, "సల్లగుండు పెద్దమ్మా" అనడం, చెంబు తిరిగి ఇవ్వడం, ఆవిడ పెరట్లోకి పోయాక వాడు జిగురు డబ్బా తీయడం అన్నీ వినిపించాయి. లేచి వద్దనొచ్చు. లేస్తే అత్తకి కనపడతాను. కనపడితే మాట్లాడాలి. ఏం మాట్లాడాలి?

సిగ్గుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 15, ఆదివారం

మామ ఇంటికి పోయి వచ్చాం. నా తరఫున చిన్నాయన వచ్చాడు. అమ్మ రానంది. "నేను వస్తే అత్త తరిమిందనే మాట మళ్ళీ లేస్తాది" అంది.

తలుపు మీద పోస్టరు చించేశారు గానీ జిగురు మరక అలాగే ఉంది. దాని మీద కొత్తగా పసుపు పూశారు. రూలు ప్రకారం ఆ రెండు రంగుల బూట్లే వేసుకుని పోయాను. అవి చూసి అక్కడున్న పెద్దమనుషులు నవ్వాలో కోప్పడాలో తెలియక మీసాలు తుడుచుకున్నారు. గేటు దగ్గర విడిచి మంచం మీద కూర్చున్నాను. గొర్రెలు ఆ రోజు మేతకి పోలేదు. వరసగా నన్నే చూస్తున్నాయి.

మామ మెత్తగానే అడిగాడు. అదే భయం వేసింది. "గొర్లు కాసుకొని బతికేటోళ్ళమే అల్లుడా. అయినా మా గడప మీద బూటు పెట్టినోడు ఇంతవరకు లేడు. తెలిసి చేసినావా, తెలియక చేసినావా, అది చెప్పు. తెలియకంటే ఈడితో సరి."

తెలియక అంటే సరిపోయేది. కానీ తెలియక అంటే, ఆటోలో నువ్వు లేవా అంటారు. ఉన్నానంటే, ఉండి చూస్తూ ఊరుకున్నావా అంటారు. నేను తడుముకుంటుంటే చిన్నాయన చెవిలో గొణిగాడు. "తప్పయిందను. పెద్దోళ్ళు గదా, పోయేదేముంది."

"తప్పయింది మామా," అన్నాను.

మామ తల ఎత్తాడు. "తప్పంటే? తెలిసే చేసినావన్నమాట."

"అట్లనే మామా."

నోట్లోంచి వచ్చేసింది. ఎవరేమన్నా అదే వస్తుంది నాకు. గొర్రెలు తప్ప ఎవరూ కదల్లేదు. మామ మంచం మీంచి లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇన్నారు గదా. తెలిసే చేసినాడంట," అన్నాడు నలుగురితో. "ఇంక నా బిడ్డను పంపే మాట ఎత్తొద్దు." చిన్నాయన "వాని ఉద్దేశం అది కాదు బావా" అంటూ ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. ఎవరూ ఎవరి మాటా వినడం లేదు.

అప్పుడు వాకిట్లోకి కావ్య వచ్చింది. అంతసేపూ లోపల నిలబడి విన్నదట.

"కూచో నాయనా," అంది. "ఆయప్ప తెలిసి చేయలేదు. ఎవురికైనా ఎదురు నిలబడి ఒక మాట అనే మనిషైతే నేనెందుకు పుట్టింటికొస్తా? తలుపుకు బూటంటించేంత ధైర్యం ఆయనకు యాడుంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మామ కాసేపు నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. కోపం పోయింది. కోపం పోయాక మొహంలో కనిపించింది జాలి. కోపమే నయం.

అత్త మజ్జిగ ఇచ్చింది. చెంబు అందిస్తూ, "ఆ పొద్దు కూడా నీళ్ళు తెచ్చిచ్చిన నాయనా. మీ షాపు ఆటో అని తెలిస్తే మజ్జిగే తెచ్చుండేదాన్ని," అంది. ఆ మాటకి తాగలేకపోయాను.

వచ్చేటప్పుడు గేటు దగ్గర తెల్లబూటు లేసు ఒక గొర్రెపిల్ల నోట్లో ఉంది. కావ్య లాగి తెచ్చి నా ముందు పెట్టింది. సగం లేసు పోయింది.

"ఇట్ల ఒకటి తెలుపు, ఒకటి నలుపు ఏసుకొని తిరుగుతాంటే జనం నవ్వలేదా?"

"నవ్వినారు."

"నీకేమనిపించలా?"

"కంపెనీ రూలు."

కావ్య లోపలికి పోయింది.

ఎలా చూసినా వాళ్ళ వైపు నలుగురిలో నా తరఫున మాట్లాడింది కావ్య ఒక్కతే. అది మంచి గుర్తే కదా. మంచి గుర్తే. మరి దారి పొడుగునా చిన్నాయన నాతో ఎందుకు మాట్లాడలేదు?

జూన్ 16, సోమవారం

రూలు కాబట్టి ఆ బూట్లు వేసుకున్నాను. అంతే.

జూన్ 18, బుధవారం

మామ ముందు నేను అబద్ధం ఒప్పుకున్నాను. చేయని తప్పు చేశానన్నాను, చేసినది చెప్పలేదు. ఒకరు కోప్పడకూడదని ఒక మాట, ఇంకొకరు నొచ్చుకోకూడదని ఇంకో మాట. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనుకుంటూ కర్ర పట్టుకుని నిలబడ్డాను. చివరికి పాము కావ్యని కరిచినట్టుంది.

ఇది రాయడం తేలికగానే ఉంది. ఎవరితోనైనా అనడం ఎలా?

జూన్ 21, శనివారం

పోలింగ్. షాపు ముందు షామియానా, బ్యాలెట్ పెట్టె, వేలికి సిరా. జనం బాగానే వచ్చారు. సిరా గుర్తు చూసి పిల్లకాయలు గోల చేశారు. ప్రచారంలో మీకే అన్న మొహాలన్నీ కనిపించాయి. చీటీ పెట్టెలో వేసి, నా దగ్గరికొచ్చి "మీకే ఏసినాం లే" అని మళ్ళీ చెప్పి పోయారు.

కూరగాయలమ్మే గురవమ్మ బుట్ట దించి ఓటేసింది. నా కాళ్ళ వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూసి అడిగింది. "నువ్వు దేనికేసినావు నాయనా?"

"నేను వేయకూడదమ్మా, అధికారిని."

"ఓటెయ్యనోడు ఒకరి ఓట్లేం లెక్కపెడతాడు," అని బుట్ట ఎత్తుకుని పోయింది.

చిన్న మాటే. అన్నం దగ్గర కూడా అదే గుర్తొచ్చింది.

జూన్ 22, ఆదివారం

చెప్పు గెలిచింది.

తెల్లబూటుకీ నల్లబూటుకీ వచ్చినవి కలిపినా హవాయి చెప్పుల దరిదాపులకి రాలేదు. చిన్నాయన చీటీలు తిరగేసి మరగేసి చూశాడు. వెంకటేష్ మాత్రం ముందే తెలిసినవాడిలా టీ తాగుతూ కూర్చున్నాడు. "ఈ ఎండలకు బూటేసుకొని యాడికి పోవాలన్నా? చెప్పుకు ఓటెయ్యమని ఎవరూ అడగలేదు గాబట్టి దానికే ఏసినారు."

ఇన్ని ఊళ్ళు తిరిగాను. ఒక్కరు కూడా బూటు వద్దని నా మొహం మీద అనలేదు. నన్ను నొప్పించడం ఇష్టం లేక అందరూ నాకు తప్పు చెప్పారు. నేను అవన్నీ నమ్మి రాసుకున్నాను. చెంబుతో మజ్జిగ పోశారు, నేనేమో చుట్టరికం కలుపుకున్నాను. కావ్య కూడా నా అట్లనే పట్టుకుని గిద్దలూరు పోయి మాటిచ్చింది. అమ్మ నా అట్లనే పట్టుకుని వీధంతా చెప్పుకుంది. ఇవాళ చీటీల కుప్ప ముందు నేను ఎలా కూర్చున్నానో, ఆ రోజు వాళ్ళిద్దరూ అలా కూర్చున్నారన్నమాట.

లక్ష్మీప్రియకి ఫోన్ చేసి ఫలితం చెప్పాను.

"సార్, తెల్లబూటు గెలిచిందని హోర్డింగులు ముందే వేయించేశారు. చెప్పులని మేం ఎలా వేస్తాం? ఇది సరదాకే కదా. మీ దగ్గర తెలుపు గెలిచిందని రాసేయండి. రాస్తారు కదా?"

అట్లనే మేడమ్ అనబోయాను. సగం వచ్చింది కూడా. "అట్ల" దాకా వచ్చి ఆగింది. సరదా ఎన్నికలే, నిజమే. ఎవరి ప్రాణం పోదు. ఆ అమ్మాయి కూడా మంచిదే, ఆమె ఉద్యోగం ఆమెది.

"లేదు మేడమ్," అన్నాను. "ఇక్కడ చెప్పు గెలిచింది. నేను తెలుపని రాయను."

"మీరు ఇలా అంటారని అనుకోలేదు సార్." ఫోన్ పెట్టేసింది.

చిన్నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "మాట్లాడింది నువ్వేనా?" అని, లోపలికి పోయి హవాయి చెప్పుల అట్టపెట్టెలు తెచ్చి ముందు వరసలో సర్దాడు. మళ్ళీ కంపెనీ నుంచి ఏమైనా వస్తుందో రాదో తెలియదు. నేను చేసింది తెలివైన పనో కాదో అంతకన్నా తెలియదు.

జూన్ 23, సోమవారం

అమ్మతో చెప్పాను.

గేదె దగ్గర పాలు పిండుతోంది. నేను ముందే అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

"అమ్మా, కావ్య ఉద్యోగం మానదు. నేను కంభంలో ఇల్లు తీసుకుంటన్నా. ఇద్దరం ఆడుంటాం."

చెయ్యి ఆగింది. "మానిపిస్తానని గదా నాతో అన్నావు. అట్లనే అన్నావు గదరా."

"అన్నా. ఇప్పుడు కాదంటన్నా."

పాలగిన్నె పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "వీధంతా చెప్పుకున్నా రా నేను. కొళాయి కాడ మొహం చెల్లడం లేదు. ఆ పొద్దే కాదనింటే ఒక దినం ఏడ్చి ఊరకుండేదాన్ని," అంది. ఆ తర్వాత గేదెని అదిలించి మళ్ళీ కూర్చుంది గానీ, అది పాలు చేపలేదు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. నన్ను క్షమించమని అడుగుదామనుకుంటే ఎక్కడ మళ్ళీ అట్లనే అనేస్తానోనని భయమేసి బయటికి వచ్చేశాను. అమ్మ ఇక నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డించి మూత పెట్టి పడుకుంది. తినబుద్ధి కాలేదు.

తెల్లబూటుకి ఓటేస్తే నల్లబూటు ఏడవదు. ఇంట్లో అలా కాదు.

జూన్ 24, మంగళవారం

పొద్దున ఏమీ తినకుండా మార్కాపురం రోడ్డు స్టేషన్‌కి పోయాను. కంపెనీ బూట్లు షాపులో వదిలేశాను. చెప్పులు వేసుకున్నాను. రైల్లో కూర్చున్నంతసేపూ కావ్యతో ఏం అనాలో అనుకుంటూ పోయాను, కంభం వచ్చేసరికే అన్నీ కలగాపులగమయ్యాయి.

గిద్దలూరులో ఆ కేంద్రం చిన్నది. బల్ల మీద నలుగురైదుగురు చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నారు. కావ్య తెల్లకోటులో ఒక ముసలాయన చేతికి దూది అదుముతోంది. నన్ను చూసి ఆగింది. ముందు కాళ్ళ వైపు చూసింది.

"ఎన్నికలు అయిపోయినాయా?"

"అయిపోయినాయి. చెప్పు గెలిచింది."

నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగింది. "ఏమన్నా పని మీద వచ్చినావా?"

"ఆ పొద్దు ఆటోలో నేనుండినా," అన్నాను. "మీ ఇంటి ముందు. కండువాల కింద దాక్కున్నా. అత్త నీళ్ళు తెచ్చింది. వాడు అంటిస్తాంటే వద్దనలేదు. మీ నాయనకు కూడా చెప్పాల."

బల్ల మీదివాళ్ళు వింటున్నారని అప్పుడు గమనించాను. కావ్య దూది పడేసి గ్లౌజులు తీసింది. అది కోపమో కాదో నాకు తెలియలేదు. ఇంక ఆగితే మాట పెగలదని మిగతాది కూడా చెప్పేశాను. కంభంలో స్టేషన్ దగ్గర ఇల్లు ఉందన్నారు, చూద్దాం రా, ఉద్యోగం మానొద్దు.

"అత్తకు చెప్పినావా?"

"చెప్పినా."

"ఆమెతో ఇంకేందో అనింటావు."

"లేదు."

నమ్మలేదు. నేనైనా నమ్మను. జేబులోంచి ఫోన్ తీసి అక్కడే, అందరి ముందే, అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ గొంతు నా దాకా వినిపించింది.

"అత్తా, ఈయన ఈడికొచ్చినాడు. కంభం పోదామంటన్నాడు. నీతో ఏం చెప్పినాడు?"

అటునుంచి గేదె గంట ఒకసారి వినపడింది. అమ్మ ఏమంటుందో నిజంగా నాకు తెలియదు. కాదనొచ్చు. ఏడవొచ్చు. నేనేమీ అనలేదని కూడా అనొచ్చు.

"కాదన్నాడమ్మా," అంది అమ్మ. "నా మొహం మీదనే కాదన్నాడు."

కావ్య నా వైపు చూసింది.

"నిన్నటి నుంచి నేనే మాట్లాడలేదు వానితో," అంది అమ్మ మళ్ళీ. "పెట్టిన అన్నం పెట్టినట్లే ఉండాది. తిన్నాడేమో అడుగు."

కావ్య ఫోన్ కోటు జేబులో వేసుకుంది.

"తిన్నావా?"

తినే వచ్చాను లే అని నోటి దాకా వచ్చింది.

"లేదు," అన్నాను.

"కూచో," అంది. "ఇంకా ఇద్దరుండారు. వాళ్ళది అయినాక పోదాం."